నన్ను ఓడిస్తే పెళ్లాడతానన్న పహిల్వాన్: హమీదా బానో

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా పహిల్వాన్ అనగానే మగవాళ్లే గుర్తొస్తారు. తాలీం అంటే మగపిల్లలు కసరత్తు చేసే చోటు అనే అనుకుంటాం. కానీ డెబ్బై ఏళ్ల కిందటే ఒక ముస్లిం మహిళ మగ పహిల్వాన్లతో కుస్తీ పట్టి గెలిచారు. ఆమే హమీదా బానో. దేశంలో తొలి మహిళా ప్రొఫెషనల్ రెజ్లర్‌గా ఆమెను చెప్పుకుంటారు.

పుట్టింది ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్‌లో. సలాం పహిల్వాన్ దగ్గర కుస్తీ నేర్చుకోవడానికి అలీగఢ్ చేరారు. ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, బరువు 108 కిలోలు. రోజూ ఆరు గంటల కసరత్తు, తొమ్మిది గంటల నిద్ర. ఇక తిండి సంగతి అప్పటి పత్రికలు భలేగా రాశాయి: ఐదున్నర లీటర్లకు పైగా పాలు, ఒక కోడి, దాదాపు కిలో మటన్, అరకిలో వెన్న, ఆరు గుడ్లు, రెండు ప్లేట్ల బిర్యానీ!

1954 ఫిబ్రవరిలో ఆమె ఒక సవాల్ విసిరారు. తనను ఓడించిన మగాణ్ని పెళ్లి చేసుకుంటానన్నారు. పటియాలా, కోల్‌కతా పహిల్వాన్లు ఓడిపోయారు. మే నెలలో బరోడాలో తలపడాల్సిన ఛోటే గామా చివరి నిమిషంలో తప్పుకున్నాడు. అతని బదులు దిగిన బాబా పహిల్వాన్ 1 నిమిషం 34 సెకన్లలోనే చిత్తయ్యాడు.

అయితే అందరూ చప్పట్లు కొట్టలేదు. కొల్హాపూర్‌లో మగ పహిల్వాన్‌ను ఓడించినందుకు జనం రాళ్లు రువ్వారు. పుణేలో కుస్తీ సంఘం అభ్యంతరంతో పోటీ రద్దయింది. బొంబాయి ముఖ్యమంత్రి మొరార్జీ దేశాయ్‌కి ఆమె ఫిర్యాదు చేస్తే, ఆడమనిషి అని ఆపలేదు, నిర్వాహకులు డమ్మీలను దింపుతున్నారని ఫిర్యాదులొచ్చాయి అని జవాబొచ్చింది. కుదుర్చుకున్న కుస్తీలన్న అనుమానం అప్పట్లో ఉన్నమాట నిజమే. కానీ ఆ అనుమానంతోనే రాళ్లేస్తారా?

అదే ఏడాది ముంబైలో రష్యా రెజ్లర్ వెరా చిస్తిలిన్‌ను నిమిషంలోపే ఓడించి, యూరప్ వెళ్తానని ప్రకటించారు. అక్కడితో ఆమె కుస్తీ ఆగిపోయింది. వెళ్లనివ్వకుండా సలాం పహిల్వానే ఎముకలు విరిగేలా కొట్టాడని కుటుంబీకులు చెబుతారు. మన నిజామాబాద్ నిఖత్ జరీన్‌ను బాక్సింగ్‌లోకి నడిపించింది కన్నతండ్రి. ఆమె 2022, 2023లో వరుసగా ప్రపంచ చాంపియన్ అయ్యారు. హమీదాను ఆపింది మాత్రం కుస్తీ నేర్పిన ఉస్తాదే.

తర్వాత ఆమె ముంబై దగ్గరి కల్యాణ్‌లో పాలు అమ్మారు. డబ్బు చాలనప్పుడు రోడ్డు పక్కన చిరుతిళ్లు చేసి అమ్మేవారు. 1986లో అక్కడే కన్నుమూశారు.