10 మీటర్ల ఎయిర్ పిస్టల్: 1,500 గ్రాముల లిమిట్ వెనుక లెక్క ఇదీ!

ఫోన్ స్పెక్స్‌లో మనం ఆఖర్లో చూసేది బరువే. 232 గ్రాముల గెలాక్సీ ఎస్24 అల్ట్రాకి కూడా మందపాటి కేసు తొడిగేసి హ్యాపీగా వాడేస్తాం. కానీ షూటింగ్ పోటీల్లో బరువు లెక్క తప్పితే మ్యాచే పోతుంది. పారిస్ 2024లో మనూ భాకర్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తోనే మొదలుపెడదాం.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్ఎస్ఎఫ్ లిమిట్స్ ఇవి:

• 10 మీ. ఎయిర్ పిస్టల్: గన్ గరిష్ఠంగా 1,500 గ్రా., ట్రిగర్ కనీసం 500 గ్రా.
• 25 మీ. పిస్టల్: గన్ గరిష్ఠంగా 1,400 గ్రా., ట్రిగర్ కనీసం 1,000 గ్రా.
• 50 మీ. పిస్టల్: రెండింటికీ లిమిట్ లేదు. రియో 2016 తర్వాత ఈ ఈవెంట్ ఒలింపిక్స్‌లో లేదు.

గమనించారా? గన్‌కి పై లిమిట్, ట్రిగర్‌కి కింది లిమిట్.

గన్‌కి పై లిమిట్ ఎందుకు?

బరువు పెరిగితే చిన్న చిన్న వణుకులకు గన్ అంత తొందరగా కదలదు. అంటే బరువే ఒక స్టెబిలైజర్. అలాగని పెంచుకుంటూ పోలేం. ఒంటి చేత్తో, చెయ్యి చాచి, 75 నిమిషాల్లో 60 షాట్లు కాల్చాలి. అందుకే చాలా ఎయిర్ పిస్టల్స్ 1 కిలో అటూ ఇటూ ఉంటాయి. ఫోన్ గింబల్‌కి కౌంటర్ వెయిట్ పెట్టినట్టు, బ్యారెల్ దగ్గర చిన్న బరువులు బిగించి బ్యాలెన్స్ సెట్ చేసుకుంటారు.

అసలు కష్టం ట్రిగర్‌లో

500 గ్రాములంటే అర లీటరు నీళ్ల బరువు. కిలో గన్‌ని కదపకుండా, దాని బరువులో సగం బలంతో వేలు నొక్కాలి. ముందు సైట్‌కి, వెనక సైట్‌కి మధ్య దూరం సుమారు 35 సెం.మీ. అక్కడ 1 మి.మీ. తేడా వస్తే 10 మీటర్ల దూరంలో అది దాదాపు 28 మి.మీ. అవుతుంది. 10 పాయింట్ల రింగ్ వ్యాసం 11.5 మి.మీ. మాత్రమే కాబట్టి, సెంటర్‌లో పడాల్సిన షాట్ 7కి పడిపోతుంది. ట్రిగర్ ఎంత తేలికైతే ఈ రిస్క్ అంత తక్కువ. అందుకే దానికి కింది లిమిట్.

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పారిస్‌లో ఆడిన 25 మీటర్ల పిస్టల్‌లో ఇది ఇంకా టఫ్. గన్ బరువు లిమిట్ తగ్గింది, ట్రిగర్ డబుల్ అయ్యింది.

చెకింగ్ ఎలా?

బ్యారెల్‌ని నిటారుగా పైకి పెట్టి, ట్రిగర్‌కి బరువు తగిలించి పైకెత్తుతారు. బరువు లేచేలోపే ట్రిగర్ పడిపోతే ఫెయిల్. మ్యాచ్ అయ్యాక కూడా కొందరిని ర్యాండమ్‌గా పిలుస్తారు. మూడు ఛాన్సులు ఇస్తారు. మూడూ పోతే స్కోర్ ఎంతున్నా డిస్‌క్వాలిఫై! మోరిని 162ఈఐ లాంటి ఎలక్ట్రానిక్ ట్రిగర్ ఉన్నా ఇదే రూల్.

మా మాట

రేంజ్‌కి వెళ్లి పిస్టల్ ట్రై చేస్తే గ్రాములు ఒక్కటే చూడకండి. చెయ్యి చాచి ఒక నిమిషం పట్టుకుని, ముందుకు వాలుతోందా, ట్రిగర్ ఎక్కడ పడుతోందో చూడండి. స్పెక్ షీట్‌లో దొరకని రివ్యూ అదే.