రోజూ లేటుగా వచ్చే గుడ్డు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగిల్లు వెతకడం కష్టం కాదు. వాల్తేరూ బిలాస్‌పూరూ ఒకప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వే కిందే ఉండేవి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కొలువులకు వచ్చినవాళ్లు ఇక్కడే స్థిరపడ్డారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకి ఈ ఊరే కేంద్రమైంది. పెరడున్న పాత క్వార్టరు దొరికితే నాలుగు కోళ్లు పెంచుకోవాలని ఎవరికి అనిపించదు?

బుధవారీ బజారులో డజన్ల లెక్కన గుడ్లు కొనుక్కునే ఇంట్లో పెట్టలు అడుగుపెడితే మొదట తెలిసేది, గుడ్డుకూ ఒక వేళ ఉంటుందని. సోమవారం పొద్దున్న ఏడింటికి పెట్టిన పెట్ట మంగళవారం ఎనిమిదింటికి పెడుతుంది, బుధవారం తొమ్మిది దాటాక. అలా జరిగి జరిగి ఒకరోజు అసలు పెట్టదు. జబ్బు చేసిందేమోనని కంగారు పడతాం. ఏమీ లేదు. ఒక గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. పచ్చసొన చుట్టూ తెల్లసొన చేరడానికి మూడు గంటలు, పొరలకు గంట పైచిలుకు, పెంకు ఒక్కదానికే దాదాపు 20 గంటలు. గుడ్డు పెట్టిన అరగంటకో గంటకో గానీ తర్వాతి పచ్చసొన బయల్దేరదు. ఈ ఊరివాళ్లకు చెప్పడం సులువు: రోజూ గంట లేటయ్యే బండి, మరీ పొద్దుపోతే ఆ రోజు రద్దయి, మర్నాడు మళ్లీ పొద్దున్నే టైముకు వస్తుంది. పచ్చసొనను విడుదల చేయించే హార్మోను రాత్రివేళ కొన్ని గంటల్లోనే ఉప్పొంగుతుంది. ఆ గంటలు దాటిపోతే మరో రాత్రి దాకా ఆగాల్సిందే.

రాత్రేదో పగలేదో పెట్టకు కళ్లొక్కటే చెప్పవు. పుర్రె గుండా లోపలికి దిగే వెలుతురును మెదడులోని కణాలే పసిగడతాయి. చూపులేని కోడి కూడా పగటి నిడివిని గుర్తుపడుతుంది. గుడ్లు జోరుగా రావాలంటే సుమారు 14 గంటల వెలుతురు కావాలి. డిసెంబరులో బిలాస్‌పూర్ పగలు పదకొండు గంటలైనా ఉండదు. చలికాలంలో గుడ్లు తగ్గితే మేతను తప్పుపట్టకండి.

నాకు అన్నిటికన్నా అబ్బురమనిపించేది పెంకు. ఒక్కో పెంకుకు రెండు గ్రాముల కాల్షియం పోతుంది. పెంకు పని ఎక్కువగా సాగేది రాత్రి, పెట్ట ఏమీ తినని వేళ. అందుకని తన కాలి ఎముకల్లో కాల్షియాన్ని ముందే దాచుకుని, చీకట్లో దాన్ని కరిగించి వాడుకుంటుంది. ఇలాంటి ఎముక పొరనే టిరానోసారస్ రెక్స్ శిలాజంలో చూశామని 2005లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. నూకలూ తవుడూ తిని ఊరుకునే కోడి ఎవరి చుట్టమో చూడండి! సాయంత్రం ఒక మూకుట్లో ఆల్చిప్పల పొడి విడిగా పెడితే చాలు, కావలసినంత అవే ఏరుకుంటాయి.

అన్నీ పెట్టినా మే నెలలో పెంకు పలచబడుతుంది. ఎండ 45 డిగ్రీలకు చేరే ఊరిది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి, గొంతు అదురుతుండగా, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి రొప్పుతుంది. ఆ రొప్పులో కార్బన్ డయాక్సైడు అతిగా బయటికి పోతుంది. పెంకు కాల్షియం కార్బొనేటు కదా, అందులోని కార్బొనేటు రావలసింది ఆ వాయువు నుంచే. కాల్షియం ఉన్నా జోడీ దొరకదన్నమాట. 1985లో అమెరికాలో వేడికి తాళలేని పెట్టలకు సోడా నీళ్లు తాగించి చూస్తే పెంకు మెరుగుపడింది! మన పెరట్లో సోడాలు కొట్టక్కర్లేదు. నీడ, చల్లటి నీళ్లు, మేత పొద్దెక్కకముందే వేయడం, ఇవి చాలు.

పుంజు సంగతికొస్తే, అది వెలుతురు చూసి కూస్తుందనుకుంటాం. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంవాళ్లు పుంజులను రోజంతా మసక వెలుగులో ఉంచినా, లోపలి గడియారాన్ని బట్టి కూస్తూనే ఉన్నాయి. 2013లో ఈ సంగతి అచ్చయింది. గుంపులో పెద్ద పుంజే ముందు కూస్తుందనీ, దాన్ని తీసేస్తే రెండోది అందుకుంటుందనీ 2015లో తేల్చారు. మామూలుగానైతే తెల్లవారడానికి రెండు గంటల ముందే మొదలు. నైట్ డ్యూటీ దిగి అప్పుడే నిద్రలోకి జారిన లోకోపైలట్ పక్క క్వార్టర్లో ఉంటాడు. గుడ్డుకు పుంజుతో పనిలేదు, పొదిగించి పిల్లలు తీయాలంటేనే కావాలి. కాబట్టి కాలనీలో పుంజు వద్దన్నదే నా మాట.

ఒక్క విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు. కొక్కెర తెగులు వస్తే రెండు మూడు రోజుల్లో గూడు ఖాళీ అవుతుంది, మందు లేదు. పిల్లలకు వారం వయసప్పుడే కంట్లోనో ముక్కులోనో టీకా చుక్క పడాలి, ఆ తర్వాత మళ్లీ వేయించాలి. కొనేముందు టీకా వేశారో లేదో అడగండి. వేయలేదంటే, తెచ్చిన వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.