నాగలియు తుపాకియు

ఉత్తర హిందూస్థానపు పల్లెలలో ఒకప్పుడు సిపాయికి "తిలంగా" యని పేరు. 1756వ సంవత్సరాంతమున క్లైవు చెన్నపట్టణమునుండి వంగదేశమునకు ఓడలపై కొనిపోయిన సిపాయిలలో తెలుగువారుండుటచే ఆ పేరు పుట్టెను. పిమ్మట ఏ ప్రాంతమువాడు ఎఱ్ఱకోటు తొడిగినను వానికదియే నిలిచిపోయెను. ఇంటియొద్ద మేడి పట్టవలసిన మన రైతుబిడ్డ పేరు పరప్రాంతమున తుపాకికి మారుపేరయ్యెను. ఇది గర్వింపదగినదో, విచారింపదగినదో పాఠకులే నిర్ణయింతురు గాక. మేమిందు పరిశీలింప దలచినది వేఱొక విషయము. బిడ్డలనిచ్చి, ధాన్యమిచ్చి, పన్నులిచ్చి సైన్యమును పోషించిన పల్లెటి రైతునకును ఆ సైన్యమునకును గల సంబంధమెట్టిది? అది యెప్పుడు బిగిసినది? ఎప్పుడు తెగినది?

1857వ సంవత్సరపు తిరుగుబాటునకు కొవ్వు పూసిన తూటాలే కారణమని చిన్ననాట ఎల్లరము చదివితిమి. అది నిప్పురవ్వ మాత్రమే; ఎండుగడ్డి అంతకు ముందే పేర్చబడి యుండెను. వంగ సైన్యములోని సిపాయిలలో పెక్కండ్రు అయోధ్యా రాజ్యపు పల్లెలనుండి వచ్చిన రాజపుత్ర, బ్రాహ్మణ కర్షక కుటుంబములవారు. నవాబు పాలించినంత కాలము, తమ భూములపై అన్యాయము జరిగినప్పుడు ఆ సిపాయిలు లక్నోలోని ఆంగ్ల రెసిడెంటు ద్వారమున అర్జీ పెట్టుకొనెడివారు. రెసిడెంటు మాటకు నవాబు కొలువులో విలువ యుండెను గావున సిపాయి యింటికి ఊరిలో ఒక గౌరవము, ఒక రక్షణ యుండెను. 1856వ సంవత్సరమున డల్హౌసీ ఆ రాజ్యమును కలుపుకొనగనే రెసిడెంటు పోయెను. ఆ హక్కును పోయెను. వెనువెంటనే వచ్చిన కొత్త శిస్తు బందోబస్తు పెక్కు గ్రామములకు మోయరాని బరువయ్యెను. పటాలములోని కొడుకునకు ఇంటినుండి వచ్చు ఉత్తరములలో కుశలమునకు బదులు శిస్తు బాకీల కథలు వచ్చెను. సిపాయిలు వ్రాసికొన్న అర్జీలు వేలకొలది, ఆలకించినవారు లేరు. మఱుసటి యేడు మీరటులో తుపాకి ప్రేలగనే పల్లెయు పటాలమును ఏకమైనవనిన ఆశ్చర్యమేమి? సిపాయి యనగా దుస్తులు మార్చిన రైతే యని నాటి దొరలకు ఆలస్యముగ తెలిసెను.

తెలిసినపిదప వారు ఊరకుండలేదు. అయోధ్యను విడిచి పంజాబును పట్టుకొనిరి. కొన్ని జాతులే యుద్ధమునకు పనికివచ్చునను సిద్ధాంతము నొకటి కల్పించిరి. చెన్నపురి సైన్యమునకు అధిపతిగా నుండి, తరువాత 1885వ సంవత్సరమున భారత సేనాధిపతియైన రాబర్ట్సు దక్షిణాది సిపాయి పనికిరాడని తలచినవారిలో ముఖ్యుడు. "తిలంగా" పేరు దేశమంతట వ్యాపింపజేసిన తెలుగు సిపాయికి ఆ విధముగ పటాలపు తలుపులు క్రమక్రమముగ మూయబడెను. పంజాబు రైతునకో, తలుపులతోబాటు పొలములును తెఱవబడెను. చీనాబు, జీలము నదుల కాలువల క్రింద సాగులోనికి తెచ్చిన క్రొత్త భూములలో విరమించిన సైనికులకు భాగమిచ్చిరి. 1900వ సంవత్సరపు చట్టముచే వ్యవసాయ కులములవారి భూమి షాహుకారు చేతికి పోకుండ కట్టుబాటు చేసిరి. ఇది దయాధర్మము కాదు. 1857 నేర్పిన పాఠము. సిపాయి మనస్సు బారకులో లేదు, పొలములో నున్నదని వారు గ్రహించిరి.

అయినను అధికారికి అధికారమదము మానునా? 1907వ సంవత్సరమున ఆ కాలువ గ్రామములలోనే రైతు హక్కులను కుదించుచు, వారసత్వమునకు క్రొత్త షరతులు పెట్టుచు పంజాబు ప్రభుత్వమొక బిల్లు తెచ్చెను. బారీదోయాబు కాలువ నీటి తీరువను గూడ పెంచెను. లాయల్‌పూరులో రైతులు వేలుగ గూడిరి. లాలా లజపతిరాయిగారిని, అజితసింగును మాండలేకు ప్రవాసము పంపిరి. కాని ఆందోళన యింతటితో అణగలేదు. పొలముల మాట పటాలములకు ప్రాకునేమోయని సేనాధిపతి కిచ్చెనరునకే భయము పుట్టెను. వైస్రాయి మింటో ఆ బిల్లునకు సమ్మతి నిరాకరించెను. సభలలో ఎన్ని తీర్మానములు చేసినను చలింపని ప్రభుత్వము, రైతు కన్నీరు సైనికుని కంట కనబడునేమోయన్న శంకచే చలించెను.

ఇక మొదటి ప్రపంచయుద్ధము. మన దేశమునుండి 10 లక్షలకు పైబడి జనులు కడలి దాటిరి. సైనికులలో సగమునకు సుమారు పంజాబునుండియే చేరిరి. మొదట జీతమునకు, గౌరవమునకు చేరిరి. చివరి యేండ్లలో గ్రామమునకింతమందియని లెక్కగట్టి, లంబర్దారులచేతను జైల్దారులచేతను త్రోయించి చేర్చుకొనిరి. ఆ ఋణము ఏ విధముగ తీర్పబడెనో 1919వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన లోకమునకు వెల్లడియయ్యెను. ఆ దినము వైశాఖీ పండుగ. అమృతసరమునకు చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చిన రైతులనేకులు జలియన్‌వాలాబాగులో నుండిరి. డయ్యరు ఆజ్ఞపై సిపాయిలు 1,650 తూటాలు కాల్చిరి. ప్రభుత్వమే ఒప్పుకొన్న మృతుల సంఖ్య 379. ప్రజల లెక్క అంతకు మిక్కిలి హెచ్చు. కాల్చినవారును పల్లెలనుండి వచ్చిన బీదల బిడ్డలే. రైతుబిడ్డచేత రైతును కాల్పించుటకన్న పరపాలనకు వేఱొక నిర్వచనము కావలయునా?

ఆ ప్రశ్నకు సమాధానము 1930వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన పెషావరు వీథిలో లభించెను. నిరాయుధులైన పఠానులపై కాల్చుడని ఆజ్ఞయైనప్పుడు హవల్దారు చంద్రసింగ్ గఢ్వాలీయు ఆయన అనుచరులును కాల్ప నిరాకరించిరి. కాల్పవలసినవారు గఢ్వాలు కొండపల్లెల హిందువులు. ఎదుట నున్నవారు సరిహద్దు ముస్లిములు. మతము వేఱు, భాష వేఱు. అయినను తుపాకులు దిగెను. చంద్రసింగునకు యావజ్జీవ శిక్ష విధించిరి. ఆయన 1941వ సంవత్సరమునగాని విడుదల కాలేదు. జాతీయసైన్యమను మాటకు అర్థము ఆ దినముననే పుట్టినదని మేము తలంచుచున్నాము.

స్వాతంత్ర్యము వచ్చినపిదప ఆ యర్థమునకు మొదటి పరీక్షలలో నొకటి మన తెలుగుగడ్డమీదనే జరిగెను. 1948వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన భారతసేన నైజాము రాజ్యమున ప్రవేశించి 5 దినములలో కార్యము ముగించెను. రజాకార్ల దౌర్జన్యములకు గుఱియైన తెలంగాణపు పల్లెలు ఆ సేనకు హారతులిచ్చెను. కాని అంతటితో కథ ముగియలేదు. సేన వెనుక కొన్నిచోట్ల దొరలును గ్రామములకు తిరిగివచ్చిరి. వెట్టికిని బేదఖళ్లకును ఎదురుతిరిగి, దున్నిన భూమి తనదని నిలిచిన రైతుపై, కమ్యూనిస్టుల నణచు పేరిట, అదే సేన తుపాకి తిరిగెను. కొన్ని ప్రాంతములందు, ముఖ్యముగ మరాఠ్వాడలో, ముస్లిములపై జరిగిన ఘోరములను సుందరలాల్ సంఘము విచారించి ప్రభుత్వమునకు తెలిపెను. సాయుధులైనవారి హింసను మేము సమర్థింపము. పల్లెలలో పెక్కు ప్రాణములు ఇరుపక్షముల చేతులలోను పోయినవి. కాని సంక్షోభము తీరినది తుపాకులచేతనే యనుట చరిత్రకు విరుద్ధము. 1949లో జాగీర్దారీ రద్దయ్యెను. 1950లో కౌలుదారీ చట్టము వచ్చెను. 1951వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లిలో హరిజనులు భూమి కావలెనని వినోబాగారి నడుగగా వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరముల దానము ప్రకటించిరి. ఆ యేడు అక్టోబరులో పోరాటము విరమింపబడెను. భూమి ప్రశ్నకు భూమియే సమాధానము, సైన్యము కాదు.

1965వ సంవత్సరమున ఒకవంక యుద్ధము, మఱొకవంక ఆహారపు కొఱత చుట్టుముట్టినప్పుడు లాల్ బహదూర్ శాస్త్రిగారు "జై జవాన్, జై కిసాన్" అనిరి. ఆ రెండు నామములును పెక్కిండ్లలో ఒకే కుటుంబమువారివి. మన పశ్చిమగోదావరిలో మిలిటరీ మాధవరమని పేరుపడిన గ్రామము వలె, తరతరములుగ సేనకు బిడ్డలనిచ్చు ఊళ్లకు ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. పెద్దవాడు చేనునను, చిన్నవాడు సరిహద్దునను నుండుట, వానలు తప్పిన యేట సరిహద్దునుండి వచ్చు మనియార్డరే ఇంటిని నిలుపుట ఆ యూళ్లలో కొత్త కాదు.

2022వ సంవత్సరమున అగ్నిపథ పద్ధతి ప్రకటింపబడెను. చేరినవారికి 4 ఏండ్ల కొలువు, పిమ్మట నూటికి 25 మందికి మించకుండ స్థిరపఱచుట, తక్కినవారికి ఒక మొత్తమిచ్చి పంపుట, పింఛను లేదు. సైన్యము యువకులతో నుండవలయుననియు, పింఛను భారము పెరిగినదనియు ప్రభుత్వమువారి వాదము. ఆ వాదములో సత్యము లేదని మేమనము. కాని పల్లెలోని రైతు ఆ కొలువును ఏ దృష్టితో చూచుచున్నాడో కూడ విచారింపవలదా? ఆ యేడు జూన్ 17వ తేదీన సికింద్రాబాదు రైలు స్టేషనులో జరిగిన అల్లరిలో బోగీలు తగులబడెను. రక్షకభటుల కాల్పులలో సైన్యమున చేరగోరిన పల్లె యువకుడొకడు మరణించెను. అల్లరి గర్హ్యమే. అయినను, తుపాకి పట్టి దేశమును కాపాడ గోరినవాడు తుపాకికే బలియగుట మన మనస్సులను కలతపెట్టవలసిన విషయము.

పట్టాదారులును పట్టణవాసులునగు మా పాఠకులకు మా మనవి యొక్కటే. మీ యూరి సైనికుడు ఊరి సరిహద్దులో భూతగాదాతో బాధపడుచున్నాడేమో, సర్కారు తనకిచ్చిన భూమికై తాలూకా కచేరీ మెట్లు ఎక్కి దిగుచున్నాడేమో, కాగితముమీద వాని పేరుంచి మఱొకరు ఆ భూమి ననుభవించుచున్నారేమో విచారింపుడు. అట్టి యన్యాయమున మనకే భాగమున్నచో ముందుగ దానిని విడుచుడు. 1856వ సంవత్సరమున అయోధ్య సిపాయి అర్జీ చేతబట్టుకొని నిలుచున్నప్పుడు పరప్రభువు వినలేదు, ఫలమనుభవించెను. నేడు వినవలసినవారు పరులు కారు.