ఒకే చెట్టు కల్లు, రెండు రుచులు ఎందుకు?

జర్మనీలో వసంతానికి మైబాక్ అని స్పెషల్ బీర్ వస్తుంది. మా చంద్రశేఖరపురం వైపు ఆ సీజన్‌లో దిగేది తాటికల్లు.

మొన్న ఊరెళ్తే ఒకటే గొడవ. బాబాయేమో "తియ్యగా ఉందిరా" అంటాడు. మా ఫ్రెండేమో "పులుపు మామా, బీర్ కంటే తలకెక్కింది" అంటాడు. చెట్టు ఒకటే! ఎవరు కరెక్ట్? ఇద్దరూ. బాబాయి తాగింది పొద్దున్నే, వాడు తాగింది మధ్యాహ్నం.

పూగెల కొస గీస్తే కారేది తియ్యటి రసం. బీర్‌కైతే ఈస్ట్ మనం కలపాలి. ఇక్కడ కుండలో, గాలిలో ఉన్న ఈస్టే గంటల్లో చక్కెరని ఆల్కహాల్ చేసేస్తుంది, బ్యాక్టీరియా పులుపు తెస్తుంది. కుండకి లోపల సున్నం పూస్తే పులవదు, అదే నీరా.

ఇప్పుడు సీరియస్ విషయం. సాయంత్రానికీ తియ్యగానే ఉండి, కాస్త తాగగానే మత్తెక్కితే అనుమానించండి. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి జనం చనిపోయారు. కల్తీలో కలిపే అల్ప్రాజోలం అసలు డాక్టర్ చీటీ మీద ఇచ్చే మందు. దానికి అలవాటైనవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. అలాంటప్పుడు "తగ్గిపోతుందిలే" అనుకోకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

21 నిండనివాళ్లు ట్రై చెయ్యొద్దు, తాగినవాళ్లు బండి తియ్యొద్దు. ఉంటా మరి!