కేసు గెలిచారు... తీర్పు చెరిపేశారు!

లా కాలేజీలో సెక్షన్లు నేర్పుతారు. కేసు నడపడం ఎవరు నేర్పుతారు? మన దగ్గరైతే ఏ సీనియరు లాయరు వెనకో ఫైళ్లు మోస్తూ నేర్చుకోవాల్సిందే. అమెరికాలోని యేల్ లా విద్యార్థులు మాత్రం 1992 మార్చిలో ఏకంగా తమ ప్రభుత్వాన్నే కోర్టుకీడ్చి నేర్చుకున్నారు.

అంతకు కొన్ని నెలల ముందు, 1991 సెప్టెంబరులో, హైతీ అధ్యక్షుడు అరిస్టీడ్‌ని సైన్యం గద్దె దింపింది. వేలమంది ప్రాణాలరచేత పెట్టుకుని పడవలెక్కారు. అమెరికా తీర రక్షక దళం వాళ్లని సముద్రంలోనే ఆపి, క్యూబాలోని గ్వాంటనామో స్థావరానికి చేర్చింది. వారిలో కొందరి భయం నిజమైనదేనని అధికారులే ఒప్పుకున్నారు. తీరా రక్తపరీక్షలో హెచ్‌ఐవీ బయటపడింది. అప్పటి నిబంధనల ప్రకారం ఆ వైరస్ ఉన్న విదేశీయులకు అమెరికాలో ప్రవేశం లేదు (ఆ నిషేధం 2010లోగానీ పోలేదు). దాంతో అటు వెనక్కి పంపరు, ఇటు రానివ్వరు. దాదాపు 200 మంది ముళ్లకంచె వెనక ఉండిపోయారు.

ప్రొఫెసర్ హెరాల్డ్ కో, ఆయన విద్యార్థులు, న్యాయవాది మైకేల్ రాట్నర్‌తో కలిసి బ్రూక్లిన్ ఫెడరల్ కోర్టు మెట్లెక్కారు. పసలేని కేసు వేశారు, జరిమానా విధించాలంది ప్రభుత్వం! అంతకన్నా కష్టమైంది క్లయింట్ల నమ్మకం. వచ్చినవాళ్లంతా మాటలు చెప్పి వెళ్లినవాళ్లేనాయె. దుబాసీల సాయంతో గంటలకొద్దీ కూర్చుని వినడమే విద్యార్థుల అసలు చదువైంది. ఎన్నికల్లో ఆశ చూపిన క్లింటన్ కూడా మాట మార్చారు. 1993 జనవరిలో శరణార్థులే నిరాహారదీక్షకు దిగారు.

1993 జూన్‌లో జడ్జి స్టెర్లింగ్ జాన్సన్ తీర్పిచ్చారు: ఇది హెచ్‌ఐవీ చెరసాల, వదిలేయండి. వదిలేశారు. అదే నెలలో, సముద్రంలోనే ఆపి హైతీకి తిప్పి పంపడంపై ఉన్న రెండో కేసులో మాత్రం సుప్రీంకోర్టు 8-1తో ప్రభుత్వం వైపే మొగ్గింది. శరణార్థుల ఒప్పందం నడిసముద్రానికి వర్తించదట!

అప్పుడొచ్చింది బేరం. జాన్సన్ తీర్పుని రద్దు చేయించుకోవడానికి ఒప్పుకుంటే అప్పీలుకి వెళ్లమంది ప్రభుత్వం. సిద్ధాంతమా, చేతికందిన క్లయింట్ల స్వేచ్ఛా? లాయర్లు ఒప్పుకున్నారు. వాళ్లని తప్పుపట్టడం నావల్ల కాదు.

2002 జనవరిలో అదే గ్వాంటనామోకి మళ్లీ బందీలొచ్చారు, ఈసారి అఫ్గానిస్థాన్ నుంచి. అక్కడివారికీ హక్కులుంటాయన్న జాన్సన్ తీర్పు అప్పటికి చెల్లదు. రాట్నర్ బృందం మళ్లీ మొదటి నుంచీ వాదించుకొచ్చింది. బందీలు కోర్టుకెళ్లొచ్చని సుప్రీంకోర్టుతో అనిపించేసరికి 2004 అయింది.