దవాఖానా నడపడమూ ఒక చదువే

ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగుతున్నాము. మా వీధిలో ఆటో నడిపే భాయ్ ఒకాయన చేయి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు. జేబులోంచి రంగుల కాగితం తీసి మా చేతిలో పెట్టాడు. "మౌలీసాబ్, బిటియా దీని కోసం పది రోజుల నుంచి పోరు పెడుతోంది. మీరు చదివి చెప్పండి. మీరు ఊ అంటే రేపే కట్టేస్తాను" అన్నాడు.

ఇంట్లో కూర్చునే అమెరికా పట్టా అని ఆ కాగితంలో ఉంది. హెల్త్ కేర్ అడ్మినిస్ట్రేషన్‌లో అసోసియేట్ డిగ్రీ, అంతా ఆన్‌లైన్, రెండేళ్లలో పూర్తి, ఉద్యోగం ఖాయం. అడుగున చిన్న అక్షరాలలో రుసుము. ఆ మొత్తం భాయ్ తన కూతురి నికాహ్ కోసం చిట్టీలు వేసి కూడబెట్టినదానికి ఇంచుమించు సమానం.

ఆ అమ్మాయి మా దగ్గర ఉర్దూ, దీనియాత్ చదువుకున్నదే. ఇంటర్ పాసై, మా ఇబ్రహీంపట్నంలోనే ఒక చిన్న ప్రైవేటు నర్సింగ్ హోంలో రిసెప్షన్ కౌంటరు దగ్గర కూర్చుంటోంది. మేమేమో మదరసాలో చదివినవాళ్లం. సర్ఫ్, నహ్వ్ అడిగితే నిద్రలో లేపినా చెబుతాం కానీ ఈ కాగితంలోని మాటలు సగం మాకు కొత్త. అందుకని ఊ అనలేదు, ఊహూ అనలేదు. రెండు జుమాల గడువు అడిగాము. ఆ పదిహేను రోజుల్లో తెలుసుకున్నది మన పాఠకుల ఇళ్లలో కూడా పనికొస్తుందనిపించి ఇక్కడ రాస్తున్నాము.

అసోసియేట్ డిగ్రీ అనేది అబద్ధం కాదు. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలంటూ ఉన్నాయి. వాటిలో మొదటిది 1901లో ఇల్లినాయిస్ రాష్ట్రంలోని జోలియట్‌లో మొదలైంది. పగలు పనిచేసుకునేవాళ్లు, పిల్లల తల్లులు, పెద్ద యూనివర్సిటీ ఖర్చు మోయలేనివాళ్లు అక్కడ రెండేళ్లు చదివి, సుమారు 60 క్రెడిట్లు పూర్తిచేసి ఈ పట్టా తీసుకుంటారు. ఆసుపత్రి పరిపాలనలో ఈ పట్టా ఉన్నవారు బిల్లుల విభాగంలోనో, రోగుల రికార్డుల దగ్గరో, డాక్టరు ఆఫీసులోనో చేరతారు. అక్కడైనా పెద్ద ఆసుపత్రిని నడిపే పదవికి సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ అడుగుతారు. అంటే ఇది గుమ్మం వరకు తీసుకెళ్లే చదువు, పై అంతస్తుకు కాదు.

మన దేశానికి వచ్చేసరికి ఇబ్బంది మొదలవుతుంది. ఆ రెండేళ్ల పట్టా మన మూడేళ్ల డిగ్రీకి సమానం కాదు. దాన్ని పట్టుకుని ఇక్కడ పీజీలో చేరతామంటే కుదరదు, డిగ్రీ అడిగే ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు పెడతామన్నా కుదరదు. డాలర్లలో కట్టిన రుసుము ఎల్.బి. నగర్ దాటేసరికి చెల్లని నోటవుతుంది. మరి ఆన్‌లైన్ చదువులన్నీ ఇంతేనా అంటే, కాదు. గుర్తింపు, అనుమతి ఉన్న మన విశ్వవిద్యాలయం దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఇచ్చే డిగ్రీ కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. అదే సంవత్సరం జనవరిలో మరో హెచ్చరిక కూడా చేసింది. విశ్వవిద్యాలయాలు తమ కోర్సులను మధ్యవర్తి కంపెనీలకు ఫ్రాంచైజీగా అప్పగించడానికి వీల్లేదని. కాబట్టి రుసుము రసీదు మీద విశ్వవిద్యాలయం పేరు కాక ఇంకెవరి పేరో ఉంటే అక్కడే ఆగిపోవాలి.

ఇంకో సంగతి 2025లో వచ్చింది. మానసిక శాస్త్రం, పోషకాహారం, మైక్రోబయాలజీ వంటి ఆరోగ్య అనుబంధ కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ ఆ ఏడాది ఆదేశించింది. రోగిని చూసి, పరికరం పట్టి నేర్చుకోవలసినవి తెర మీద నేర్చుకుంటే ఎలా? ఇది మాకు న్యాయంగానే తోచింది. పరిపాలన చదువు వేరు, నిజమే. అయినా ఆరోగ్యం పేరున్న ఏ ఆన్‌లైన్ కోర్సులోనైనా చేరేముందు ఆ సంవత్సరానికి అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో చూసుకోవాలి. నిరుటి అనుమతి ఈ ఏటికి చెల్లకపోవచ్చు.

అమెరికా దాకా పోనక్కరలేదని మాకు తెలిసింది ఈ వెతుకులాటలోనే. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులోనే పుట్టింది. 1991 నుంచి దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు. డిగ్రీ అయినవారికి అక్కడే ఆసుపత్రి, ఆరోగ్య నిర్వహణలో ఎంబీఏ ఉంది. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా ఆసుపత్రి నిర్వహణలో పీజీ డిప్లొమా నడిపింది. మన మదరసా పిల్లల మాటకొస్తే, 1998లో మొదలైన, గచ్చిబౌలిలో ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కొన్ని మదరసాల సనదులను గుర్తించి డిగ్రీలో చేర్చుకుంటుంది, దూరవిద్యలో ఉర్దూలోనే చదివిస్తుంది. మా కాలంలో ఆ తలుపు లేదు. ఉండి ఉంటే ఏమయ్యేదో అని ఒక్కోసారి అనుకుంటాము.

ఇదంతా భాయ్‌కి చెప్పేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ మధ్యలో ఆ అమ్మాయే ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చింది. "ఉస్తాద్, పట్టా సంగతి సరే. అసలీ చదువే వద్దంటారా?" అని అడిగింది.

మేము తడబడ్డాము. నిజం చెప్పాలంటే అప్పటివరకూ మా ఉద్దేశం వేరు. దవాఖానా అంటే డాక్టరు, నర్సు. మిగిలినదంతా చీటీలు రాసే గుమాస్తాగిరీ, దానికో డిగ్రీ ఎందుకు? ఆమె తన కౌంటరు దగ్గర జరిగేది చెప్పుకుంటూ పోయింది. ఆరోగ్యశ్రీ రోగి వస్తే కార్డు సరిచూడాలి. పరీక్షల కాగితాలు జతచేసి ముందస్తు అనుమతికి పంపాలి. ఒక్క కాగితం తప్పినా అనుమతి ఆగుతుంది, మంచం మీద మనిషి ఆగుతాడు. 2007లో ఆ పథకం మొదలైనప్పుడే ఇందుకోసం ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగాన్ని సృష్టించారు. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. ఆ 10 లక్షలూ పేదవాడి దాకా చేరేది కౌంటరు వెనక కూర్చున్న మనిషి చేతిమీదుగానే. తర్వాత చెత్త. పసుపు సంచి, ఎరుపు సంచి, సూదులకు తెల్ల డబ్బా, గాజుకు నీలం డబ్బా. ఇది 2016 నిబంధన. ఏది ఎందులో పడిందో, బండి ఎప్పుడు వచ్చి తీసుకెళ్లిందో రాసి పెట్టాలి. ఆమె వేళ్లు మడుస్తూ చెబుతుంటే మాకు కాహిరా గుర్తొచ్చింది.

మదరసాలో చదివినవాళ్లకు ఈ పేరు తెలిసే ఉంటుంది. సుల్తాన్ ఖలావూన్ 1284లో కాహిరాలో కట్టించిన మన్సూరీ బీమారిస్తాన్. దాని వక్ఫ్ దస్తావేజులో వైద్యుల జీతాలు, మందులు, పరుపులే కాదు, ఎండాకాలంలో రోగులకు విసనకర్రలు కూడా రాసి ఉన్నాయి. వాటన్నిటికీ జవాబుదారీగా ఒక నాజిర్. వైద్యుడు వేరు, నాజిర్ వేరు. మన హైదరాబాదులో మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1595లో కట్టించిన దారుష్షిఫాలో వైద్యమూ వైద్యవిద్యా కలిసే సాగాయి. ఆ పేటకు ఇప్పటికీ అదే పేరు. మేము ఆ దారిలో వందసార్లు నడిచి ఉంటాము. అక్కడి లెక్కలు ఎవరు చూసేవారో ఒక్కసారీ ఆలోచించలేదు.

అయితే మా అభిప్రాయం మార్చింది కాహిరా కాదు, మా ఊరే.

2022 ఆగస్టు 25వ తేదీన ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో కుటుంబ నియంత్రణ శిబిరం జరిగింది. ఒక్క రోజులో 34 మంది స్త్రీలకు ల్యాపరోస్కోపీ పద్ధతిలో ఆపరేషన్లు చేశారు. చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు, చిన్న చిన్న బిడ్డల తల్లులు. రోజుల వ్యవధిలో నలుగురు చనిపోయారు. మిగిలిన 30 మందిని హైదరాబాదు తరలించి నిమ్స్‌లో, అపోలోలో వైద్యం చేయించారు. ప్రభుత్వం విచారణ జరిపించింది. సూక్ష్మక్రిముల ఇన్‌ఫెక్షన్ అని తేలింది, బాధ్యుల మీద చర్యలు తీసుకున్నారు. ఆ వారమంతా ఊళ్లో ఎవరి నోట విన్నా అదే మాట. ఏ కులం, ఏ మతం అని ఎవరూ అడగలేదు. తల్లి పోయిన ఇల్లు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు.

ఆ రోజుల్లో మేమూ అందరిలాగే డాక్టర్లను తిట్టాము. ఇప్పుడు ఆ అమ్మాయి తన ఫోనులో ప్రభుత్వ మార్గదర్శకాలు తెరిచి చదివి వినిపించింది. ఒక బృందం ఒక రోజులో 30కి మించి ఆపరేషన్లు చేయకూడదు. అది కూడా మూడు ల్యాపరోస్కోపులు ఉంటేనే, ఒక్కోదానితో పది. ఒకరికి వాడిన పరికరాన్ని ఇంకొకరికి వాడేముందు శుభ్రం చేసి, గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలో కనీసం 20 నిమిషాలు నానబెట్టి, శుద్ధమైన నీటితో కడగాలి.

మేము కాగితం మీద లెక్క వేశాము. ఒకే పరికరంతో 34 మందికి చేయాలంటే మధ్యలో 33 సార్లు నానబెట్టాలి. అంటే 660 నిమిషాలు. నానబెట్టడానికే 11 గంటలు. ఈ లెక్క వేయడానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు, ఐదో తరగతి చాలు. కానీ శిబిరం ముందురోజు ఎవరో ఒకరు కూర్చుని ఈ లెక్క వేయాలి. ఎంతమందిని పిలిచారు, పరికరాలెన్ని, గంటలెన్ని అని చూడాలి. నలుగురు ఎక్కువైతే, అమ్మా, మీరు వచ్చే వారం రండి అని చెప్పే అధికారం ఆ మనిషికి ఉండాలి. ఆ మనిషి పేరే అడ్మినిస్ట్రేటర్.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో 2014 నవంబరులో ఇలాంటిదే జరిగింది. ఒక్క శిబిరంలో 83 మందికి ఆపరేషన్లు చేశారు, పదిమందికి పైగా చనిపోయారు. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ శిబిరాల పద్ధతికే మూడేళ్లలో స్వస్తి చెప్పాలని ఆదేశించింది. ఆదేశం కాగితం మీద ఉండగానే మా ఊరి ఆగస్టు వచ్చింది.

రెండో జుమా నాడు భాయ్‌తో చెప్పాము. "ఆ రంగుల కాగితం పారేయ్. చదువు మాత్రం మాన్పించకు. పిల్లను అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో డిగ్రీకి చేర్చు. ఉద్యోగం చేసుకుంటూనే చదువుతుంది. మూడేళ్ల తర్వాత ఆసుపత్రి నిర్వహణ కోర్సు సంగతి చూద్దాం. నికాహ్ సొమ్ము అలాగే ఉంటుంది." భాయ్ కొంచెం నిరాశపడ్డాడు. అమెరికా అన్న మాటకు ఉన్న మెరుపు మా మాటకు ఎక్కడ? "మూడేళ్లంటే పిల్ల వయసు..." అని ఆగిపోయాడు. మేము బదులివ్వలేదు. ఆ ప్రశ్నకు మా దగ్గర ఉన్న జవాబులు ఆయనకు నచ్చేవి కావు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాము. నెల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది, ఈసారి ముఖం వాడిపోయి ఉంది. తను పనిచేసే చోట ఆటోక్లేవ్ రిజిస్టరు ఉంటుందట. పరికరాలను ఆవిరిలో పెట్టిన ప్రతిసారీ తేదీ, మొదలైన సమయం, ఒత్తిడి, 121 డిగ్రీల వేడి రాసి, రంగు మారిన టేపు ముక్క అంటించి సంతకం పెట్టాలి. తనిఖీకి వస్తున్నారని తెలిసి, గత వారమంతా ఖాళీగా ఉన్న గళ్లను ఒక్కసారే నింపేయమని ఆమెకు ఇచ్చారు. ఆమె చేతిరాత బాగుంటుందని.

"అందరూ అలాగే చేస్తారట ఉస్తాద్. ఏం చేయను?"

వెంటనే సలహా ఇవ్వడానికి మాకు నోరు రాలేదు. ఎందుకంటే మేమూ చేశాము. చాలా ఏళ్ల క్రితం ఒక బడిలో పనిచేసే రోజుల్లో, తనిఖీ ముందురోజు రాత్రి లాంతరు వెలుగులో కూర్చుని నెల హాజరు పట్టీ అంతా నింపిన చేతులివి. రాని పిల్లలు వచ్చినట్టు, ఉన్నవాళ్లు ఉన్నట్టు. అప్పుడు ఎవరి ప్రాణమూ పోలేదు, అది మా అదృష్టం. ఆ సంగతి ఆమెకు దాచకుండా చెప్పాము. మా శిష్యులకు ఎవరికీ ఇంతవరకూ చెప్పనిది.

ఆమె కాసేపు మౌనంగా కూర్చుని, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

మర్నాడు ఏం చేసిందో భాయ్ ద్వారా తెలిసింది. తన కళ్లెదుట యంత్రం నడిచిన రెండు రోజుల గళ్లు నింపి, తన పేరు రాసి, టేపు ముక్కలు అంటించింది. మిగిలిన ఐదు రోజులూ ఖాళీగా వదిలేసి రిజిస్టరు తిరిగి ఇచ్చేసింది. మేనేజరు ఏమీ అనలేదట, కౌంటరు నుంచి మార్చి రికార్డుల గదిలో కూర్చోబెట్టాడట. జీతం అంతే. వచ్చే నెల ఉంచుతారో లేదో తెలియదు.

రికార్డుల గదిలో ఫ్యాను లేదని, అయినా చదువుకోవడానికి తీరిక దొరుకుతోందని కబురు పంపింది. డిగ్రీ ఫారం నింపడంలో ఒకచోట అనుమానం ఉందట, ఆదివారం అసర్ తర్వాత వస్తానంది.