వార్తల్లో పదం: బ్రౌజర్ అప్‌గ్రేడ్
‘మీ బ్రౌజర్ పాతబడింది, కొత్తది వేసుకోండి’ అని కొన్ని సైట్లు తెరవగానే అడుగుతాయి. వరంగల్ కొత్తవాడలో మగ్గం తాతల నాటిదైనా నేతకు అడ్డు రాదు. 2018లో జీఐ గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలే సాక్ష్యం. ఆ జంపఖానాలను ఆన్‌లైన్‌లో అమ్మాలంటే మాత్రం పాత బ్రౌజర్ పనికిరాదు. తయారీ సంస్థ మద్దతు ఆపాక బయటపడే లోపాలకు మరమ్మతు ఉండదు. దొంగలకు అవే దొడ్డిదారులు.

విండోస్ 7లో క్రోమ్ 109తోనే ఆగిపోయింది; 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 అందులో ఎక్కదు. బ్రౌజర్ ఉచితమే, ఖర్చంతా కంప్యూటర్‌దే! తమాషా ఏమిటంటే, 2001 నాటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6ను వదిలేయండని 2011లో ప్రచారం చేసింది దాన్ని తయారుచేసిన మైక్రోసాఫ్టే.

తెలుగువారికి ఈ తంటా పాతదే. యూనికోడ్‌కు మారకముందు కొన్ని తెలుగు పత్రికల సైట్లు సొంత ఫాంట్లతో ఎక్స్‌ప్లోరర్‌నే నమ్ముకునేవి. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే అక్షరాలన్నీ గజిబిజి. ‘పద్మ’ అనే పొడిగింత (ఎక్స్‌టెన్షన్) వాటిని యూనికోడ్‌లోకి మార్చి చదివించేది.

అన్నట్టు, ‘అప్‌డేట్’ పేరుతో వైరస్ అంటగట్టే నకిలీ హెచ్చరికలూ ఉన్నాయి. తెలియని సైటులో బటన్ నొక్కకుండా, బ్రౌజర్ సెట్టింగ్స్‌లోని ‘అబౌట్’లోకి వెళ్లి చూసుకోవాలి.